ఆదివారం దొరికిన బలం మంగళవారానికి ఉండటం లేదు

ప్రశ్న:

అక్కయ్యా, వందనాలు. మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు 41 ఏళ్లు. మా ఆయనకు రెండు కిడ్నీలు పాడై ఏడాదిన్నర నుంచి డయాలసిస్ జరుగుతోంది. మంగళ, గురు, శనివారాలు తెల్లవారకముందే సద్ది కట్టుకుని బస్సెక్కి నల్లగొండ దవాఖానకు పోతాం. ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతుంది. మిగతా రోజులు పత్తి ఏరడానికో, కలుపు తీయడానికో పోతాను. మొదట్లో ఆయన చావు దాకా పోయి బతికినప్పుడు మందిరంలో సాక్ష్యం చెప్పాను. అప్పటినుంచి అందరూ "అక్కది గొప్ప విశ్వాసం" అంటున్నారు. నాకేమో ఆదివారం ఉన్న ధైర్యం మంగళవారం పొద్దుటికి ఉండటం లేదు. బైబిల్ తెరిస్తే కళ్లు మూతలు పడుతున్నాయి. ఆయన దొంగతనంగా నీళ్లు తాగుతున్నాడని బిందె లోపలి అర్రలో పెట్టి గొళ్లెం వేస్తున్నా. దప్పిక అంటే కసురుతున్నా. "దప్పిగొంటిని, నాకు దాహమిచ్చితిరి" అన్న వాక్యం గుర్తొచ్చి రాత్రిళ్లు ఏడుస్తున్నా. మొన్న ఉపవాస కూడికకు వచ్చిన ఒక బోధకుడు, సంపూర్ణ విశ్వాసం ఉంటే మిషన్‌తో పనిలేదు, మానేసి చూడండి అన్నాడు. మా ఆయన కూడా మానేద్దామనే అంటున్నాడు. ఒక్కోసారి బస్సు దిగకుండా అట్లనే ఎటైనా పోవాలనిపిస్తుంది. నా విశ్వాసంలోనే లోపముందా? రోజూ బలంగా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు:

చెల్లెమ్మా, వందనాలు. నీకంటే వయసులో చాలా పెద్దదాన్ని, అందుకే నువ్వు అనే రాస్తున్నా.

ముందు ఆ బోధకుడి మాట తేల్చేద్దాం. మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు. డయాలసిస్ మానొద్దు. ఒక్క పూట కూడా మానొద్దు. పాడైన కిడ్నీలు ఒంట్లో నీటిని, పొటాషియాన్ని బయటికి పంపలేవు. నీరు ఊపిరితిత్తుల్లో చేరితే మనిషికి ఊపిరాడదు. పొటాషియం పెరిగితే పైకి పెద్దగా ఏమీ కనపడకుండానే గుండె ఆగిపోవచ్చు. "మానేసి చూడండి" అన్న మనిషి ఆ రాత్రే ఇంకో ఊరికి వెళ్లిపోతాడు. చూడాల్సింది నువ్వు.

వాక్యం పేరు చెప్పి అన్నాడు కాబట్టి వాక్యంలోంచే అడుగుతాను. పౌలు ఒంటిని తాకిన చేతిగుడ్డలు తెచ్చి వేస్తేనే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములలో ఉంది కదా. అదే పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర్లో ఏమన్నాడో చూడు: "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని." తనతో తిరిగిన తోటి పనివాడు జబ్బుపడితే పౌలు అక్కడ వదిలిరావాల్సి వచ్చింది. త్రోఫిముకు విశ్వాసం తక్కువైందని ఒక్క ముక్క రాయలేదు. తన వెంట ఉన్న లూకాను "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు. మన వైపు సువార్త తెచ్చినవాళ్ల సంగతీ అంతే. 1890లో నల్లగొండ వచ్చిన అబ్రహం ఫ్రీజెన్ లాంటి మెనోనైట్ బ్రదరన్ మిషనరీల వెనకాలే వాళ్ల డాక్టర్లూ వచ్చారు. మా జడ్చర్లలో ఆ మిషన్ ఆసుపత్రే కట్టింది. మందులోనూ దేవుని చెయ్యి ఉంటుందని మన తాతముత్తాతలకు తెలుసు. ఈ మధ్య పుట్టుకొచ్చిన కొందరు బోధకులకే తెలియడం లేదు.

మీ ఆయన మానేద్దామంటున్నది మాత్రం బోధకుడి మాట వినే కాకపోవచ్చు. వారానికి మూడుసార్లు సూదులు, నాలుగేసి గంటలు మంచం మీద కదలకుండా పడుకోవడం, ఇంటికొచ్చాక నీరసం. విసిగిపోయిన మనిషికి ఆ బోధ ఒక దారిలా కనిపించి ఉంటుంది. ఆయన్ను వాదించి ఓడించాలని చూడకు. "నీకు విసుగొచ్చింది, నాకు తెలుసు" అను. తర్వాత ఇద్దరూ కలిసి అక్కడి డాక్టర్‌తో మాట్లాడండి.

ఇక నీ మంగళవారం సంగతి. నువ్వు దాన్ని విశ్వాసం లెక్కలో రాసుకుంటున్నావు. నాకు అందులో సగం ఒంటి లెక్క కనపడుతోంది. శనివారం డయాలసిస్ అయ్యాక మళ్లీ మంగళవారం దాకా లేదు. వారం మొత్తంలో పెద్ద విరామం అదే. ఆ రెండు రోజుల్లో ఒంట్లో నీరు ఎక్కువ చేరుతుంది, మంగళవారం పొద్దున మీ ఆయనకు కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది, మాట చిరాగ్గా వస్తుంది. మధ్యలో ఆదివారం ఉంది. మందిరంలో భోజనాలు పెట్టే ఆదివారమైతే పప్పుచారు, ఆవకాయ. ఉప్పు తిన్నవాడికి దప్పిక ఆగదు. సోమవారం నువ్వు చేనులో పడి ఉంటావు. ఆ రాత్రి ఆయన ఆయాసపడుతుంటే నీకు నిద్ర ఉండదు. నాలుగున్నరకు లేచేసరికి నీలో ఏం మిగులుతుంది చెప్పు? ఆదివారం దేవుడిచ్చింది ఎక్కడికో పోయిందని కంగారుపడకు. ఖర్చయిపోయింది, అంతే.

నిర్గమకాండం 16లో మన్నా కథ ఉంది. ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు దేవుడు. రేపటికి దాచుకున్నవాళ్లది పురుగుపట్టి కంపుకొట్టింది. మనం ఆదివారం ఏరుకుని శనివారం దాకా దాచుకోవాలని చూస్తాం. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనూ "మా అనుదినాహారము నేడు" అనే ఉంది, ఈ వారానికి సరిపడా అని లేదు. కాబట్టి మంగళవారం లేచేసరికి చెయ్యి ఖాళీగా ఉంటే అది లోపం కాదు, అడుక్కోవాల్సిన పూట. ఎక్కువ మాటలు కూడా అక్కర్లేదు. బస్టాండ్‌లో నిలబడి "ప్రభువా, ఈ రోజుకు చాలినంత" అన్నా చాలు. గురువారం గురించి గురువారం అడుగుదువుగాని.

నీళ్ల దగ్గరికి వద్దాం. నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఈ బిందె సంగతే.

చెల్లెమ్మా, మత్తయి 25లో ప్రభువు మెచ్చుకున్నది ఏమిటి? అవతలి మనిషి ప్రాణానికి ఏది అవసరమో అది ఇచ్చినవాళ్లను. కిడ్నీలు పనిచేసే మనిషికి లోటా నీళ్లు ఇవ్వడం ప్రేమ. మీ ఆయనకు ఆ లోటా పక్కకు తీసిపెట్టడం ప్రేమ. నీళ్ల కోసం ఏళ్ల తరబడి మొరపెట్టుకున్న జిల్లా మనది, ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయినవాళ్లను కళ్లారా చూసినవాళ్లం. నీళ్లు అడిగిన మనిషికి లేదనడం మన నోటికి రాదు. నువ్వు ఆ మాట అంటూ ఏడుస్తున్నావంటే నీ గుండె రాయి కాలేదని అర్థం.

అయినా ఆ గొళ్లెం మాత్రం తీసెయ్. పెద్ద మనిషిని దొంగను చేస్తే దొంగగానే తాగుతాడు. రోజుకు ఎన్ని నీళ్లు తాగొచ్చో డాక్టర్‌ను కచ్చితంగా అడుగు. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క ఉంటుంది, మూత్రం ఎంత వస్తోందన్న దాన్ని బట్టి చెబుతారు. పొద్దున్నే ఆ కొలత ఒక బాటిల్‌లో పోసి ఆయన చేతికే ఇవ్వు. టీ, మజ్జిగ, చారు కూడా అందులోంచే పోవాలి. చిన్న గ్లాసు వాడండి. నోరు ఎండితే నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయమను. అన్నిటికంటే ముందు ఉప్పు తగ్గించు. పచ్చడి, అప్పడం, మిక్చర్ ఇంట్లో కనపడకూడదు. దప్పిక సగం అక్కడే తగ్గుతుంది. కసిరిన రోజున, రాత్రి పడుకునే ముందు "పొద్దున అట్ల అన్నా, మనసులో పెట్టుకోకు" అని ఒక్క మాట అను. దేవుడి దగ్గర క్షమాపణ అడగడం సులువే, ఎదురుగా ఉన్న మనిషిని అడగడమే కష్టం. కానీ ఇల్లు నిలబడేది ఆ రెండోదానితోనే.

పనిలో పనిగా ఇంకో మాట. పరామర్శకు వచ్చే సంఘం వాళ్లు బత్తాయిలు తెస్తారు. మన నల్లగొండలో బత్తాయిలు కాక ఇంకేం తెస్తారు! కొందరు కొబ్బరిబోండాలు. రెండింటిలోనూ పొటాషియం ఎక్కువ, డయాలసిస్ పేషెంట్‌కు జ్యూస్ చేసి తాగించకూడదు. తెచ్చినవాళ్లను నొప్పించకుండా తీసుకుని పిల్లలకు పెట్టు, ఈసారి బత్తాయిలు వద్దు, ఒక పూట కూర వండి పంపండి అని నోరు తెరిచి చెప్పు. ఉప్పు తగ్గించి వండమని కూడా చెప్పు.

నోరు తెరిచి చెప్పడం అనేసరికి నీ సాక్ష్యం గుర్తొస్తోంది. అసలు చిక్కంతా అక్కడుందని నా అనుమానం. నువ్వు చెప్పిన సాక్ష్యం నిజం. ఆయన బతికాడు, నువ్వు స్తుతించావు. దాని తర్వాత సంఘం నీకో కుర్చీ వేసింది, "గొప్ప విశ్వాసం" అని. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు అలసిపోకూడదు, అప్పు అడగకూడదు, ఏడవకూడదు. నీ కష్టం చూసేవాళ్లు నీ ముందు పదిమంది ఉన్నా నీకు అడిగే దారి మూసుకుపోయింది. ఇది సంఘం చేసిన పొరపాటే. మనవాళ్లకు గెలిచిన సాక్ష్యాలంటే ఇష్టం. ఇంకా గెలవనివాళ్లకు మైకు దొరకదు.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." ఈ వాక్యం మన ఇళ్లల్లో క్యాలెండర్ మీద, ఆటో వెనక, పెళ్లి కార్డు మీద అంతటా కనిపిస్తుంది. ఫిలిప్పీయులకు 4:13. దాని తర్వాతి వచనం ఎవరూ అచ్చువేయరు. "అయినను నా శ్రమలో మీరు పాలుపుచ్చుకొనినది మంచిపని." పౌలు ఆ ఉత్తరం రాస్తున్నది బంధకాల్లో ఉండి. ఫిలిప్పీ సంఘంవాళ్లు ఎపఫ్రొదితు చేతికి సహాయం ఇచ్చి పంపారు. అది అందిందని, చాలా సంతోషమని రాస్తూ ఆ మధ్యలో రాసిన మాట ఇది. అంటే అన్నీ చేయగలనన్న మనిషి ఆ ఊపిరిలోనే, మీరు పంపినది అందుకున్నాను, మంచి పని చేశారు అంటున్నాడు. బలపరచేది క్రీస్తే. ఆ బలం ఎపఫ్రొదితు మోసుకొచ్చిన మూటలో కూడా వచ్చింది. నువ్వు 13వ వచనం దగ్గర ఆగిపోయి, 14వది నీకు కాదనుకుంటున్నావు.

మార్కు 2లో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించుతారు చూడు. అక్కడ "యేసు వారి విశ్వాసము చూచి" అని ఉంది. పరుపు మీద పడుకున్నవాడి విశ్వాసం ఎంతో ఎవరూ అడగలేదు. మోసినవాళ్లది చాలింది. కొన్ని నెలలు నీ విశ్వాసం బలహీనంగా ఉండనీ, మోసేవాళ్లను వెతుకు.

ఎట్ల వెతకాలంటావా? "ప్రార్థన చేయండి" అని మాత్రమే అడిగితే ప్రార్థనే చేస్తారు. పని అడుగు. మీ పాస్టర్ గారిని, అమ్మగారిని ఇంట్లో కూర్చోబెట్టి ఇట్ల చెప్పు: "అయ్యగారూ, నాకు వారంలో మూడు పోకలు కష్టమైతున్నాయి. గురువారం ఒక్కరోజు యూత్‌లో ఒక పిల్లగాడిని ఆయన వెంట పంపండి. ఆ రోజు నేను కూలికి పోతా, లేకపోతే పండుకుంటా." ఒక రోజు, ఒక మనిషి. ఇట్ల గురిపెట్టి అడిగితే కాదనే పాస్టర్ ఉండడు. ఎవరు వెళ్లినా వాళ్లకు ఒక సంగతి చెప్పు: డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి తల తిరగొచ్చు, గబుక్కున లేపకుండా కాసేపు కూర్చోబెట్టి బస్సు దగ్గరికి తీసుకురావాలి. స్త్రీల కూడికలో ఈసారి సాక్ష్యం చెప్పమంటే "ఈ వారం నేను అలసిపోయాను, నా కోసం మీరు పాడండి" అని కూర్చో. గుసగుసలు వస్తాయి. రానీ.

బైబిల్ తెరిస్తే నిద్రొస్తోందన్నావు. డయాలసిస్ గది బయట బల్ల మీద కూర్చుని అధ్యాయాలు పూర్తి చేయాలని పట్టుదలకు పోకు, నిద్రపో. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అని పడుకున్నప్పుడు దేవదూత వచ్చి బోధ చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు పెట్టి లేపాడు. తిని తాగి ఆయన మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. శక్తికి మించిందని దేవుడే ఒప్పుకున్నాడు. మందలింపు ఒక్కటీ లేదు. నువ్వు శుక్రవారం ఉపవాసముండి పత్తి ఏరడానికి పోతున్నావేమో నాకు తెలియదు, కానీ పోతుంటే ఆపెయ్. గురువారం నల్లగొండ, శుక్రవారం ఉపవాసం, శనివారం మళ్లీ నల్లగొండ: ఈ లెక్క ఏ దేవదూతా ఒప్పుకోడు. మీ ఆయనను డాక్టర్‌ను అడగకుండా అసలే ఉపవాసం ఉండనివ్వొద్దు.

చదవాలనిపించిన రోజు 88వ కీర్తన చదువు. కీర్తనల్లో చాలావాటికి చివర్లో స్తుతి వస్తుంది. దీనికి రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. అట్లాంటి ప్రార్థనను కూడా బైబిల్లో ఉంచారు, తీసేయలేదు. నీ ఏడుపు కూడా ప్రార్థనే అని నమ్మడానికి నాకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం నిన్ను అలా వదిలేయలేను. బస్సు దిగకుండా ఎటైనా పోవాలనిపిస్తోందన్నావు. ఇల్లు విడిచిపోవాలనే అయితే అది అలసట. చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం ఆదివారం దాకా ఆగకు. 14416కు ఫోన్ చెయ్. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు, పేరు చెప్పకపోయినా వింటారు. ఇంట్లోనూ ఒకరికి చెప్పు. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం వారాల తరబడి ఉంటే నల్లగొండ పోయిన రోజునే అక్కడి మానసిక వైద్యుల దగ్గర చూపించుకో. ఎట్లాగూ ఆయన మిషన్ మీద ఉన్నంతసేపు నువ్వు బయటే కూర్చుంటావు కదా. మందు రాసిస్తే వేసుకో.

కొన్ని పనులు మిగిలాయి. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో జరుగుతోందో లేదో చూసుకో, చేతి నుంచి డబ్బు కడుతుంటే దవాఖానలోనే ఆరోగ్యమిత్రను అడుగు. డయాలసిస్ పేషెంట్లను 2022లో ఆసరా పింఛన్లలో చేర్చారు. మీ ఆయనకు రాకపోతే దవాఖాన కాగితాలు పట్టుకుని మండల ఆఫీసుకు పో. బస్సు నీకు ఎట్లాగూ మహాలక్ష్మిలో ఉచితం. కిడ్నీ మార్పిడి మీ ఆయనకు కుదురుతుందా, అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు రాయించొచ్చా అని నెఫ్రాలజీ డాక్టర్‌ను ఒకసారి సూటిగా అడుగు. కుదరదంటే కుదరదని తెలుస్తుంది, అడగకుండా మాత్రం ఉండొద్దు.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి మీ ఆయనకు చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేసి ఉంటే రోజూ పొద్దున దాని మీద వేళ్లు పెట్టి చూడు. జుమ్మని అదురుతుండాలి. ఆ అదురు ఆగిపోతే అదే రోజు దవాఖానకు పోవాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, ఆ చేత్తో బరువులు మోయనివ్వొద్దు. మందిరంలో పెద్దలు చేతులుంచి ప్రార్థన చేసేటప్పుడు ఆవేశంలో ఆ చేయి గట్టిగా పట్టుకుంటారు. అయ్యగారికి ముందే చెప్పి, తల మీద ఉంచమను.